ఆగిపోయిన సర్వర్‌ను దూరం నుంచి లేపే కోడ్ ఎవరి చేతిలో ఉంది?

హోసూరులో ఫ్యాక్టరీ, బెంగళూరులో ఐటీ మనిషి. మన దగ్గర ఇది మామూలు ఏర్పాటే. అశోక్ లేలాండ్, టీవీఎస్ మోటార్, టైటాన్ లాంటి పెద్ద కంపెనీలకు సొంత బృందాలు ఉంటాయి. సిప్‌కాట్ పారిశ్రామికవాడ చుట్టుపక్కల విడిభాగాలు చేసే చిన్న, మధ్యతరహా యూనిట్లకు ఆ వెసులుబాటు ఉండదు. అకౌంట్స్ విభాగం వెనక ఓ చిన్న ఏసీ గది, అందులో ఒక ర్యాక్, దాంట్లో మూడు నాలుగు సర్వర్లు. ఒకటి డెల్, ఒకటి హెచ్‌పీఈ, ఇంకొకటి బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చిన సూపర్‌మైక్రో. రాత్రి షిఫ్టులో ఈఆర్‌పీ ఆగిపోతే బిల్లు రాదు, బిల్లు లేనిదే లారీ గేటు దాటదు. చూసుకోవలసిన మనిషి అత్తిబెలె అవతల, నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. కృష్ణగిరి వైపు మామిడి గుజ్జు యూనిట్ల పరిస్థితి ఇంకా కష్టం. ఏడాది పని అంతా వేసవి మూడు నెలల్లోనే జరగాలి. ఆ మూడు నెలల్లోనే ఎండకు ఏసీలు మొరాయిస్తాయి.

ఆపరేటింగ్ సిస్టమ్ బతికి ఉన్నంతసేపు దూరం నుంచి పని చేయడానికి ఎనీడెస్కో ఎస్‌ఎస్‌హెచ్చో సరిపోతుంది. అదే బిగుసుకుపోతే ఇవేవీ పనికిరావు. అప్పుడు దానికంటే కింద, హార్డ్‌వేర్‌తోనే నేరుగా మాట్లాడే దారి కావాలి. ఆ దారి నేటి సర్వర్లలో చాలావాటికి పుట్టుకతోనే ఉంది. మదర్‌బోర్డు మీద ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాన్ని బీఎంసీ అంటారు, అంటే బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్. సర్వర్ ఆపేసి ఉన్నా, కరెంటు ప్లగ్ పెట్టి ఉంటే చాలు, ఇది మేలుకునే ఉంటుంది. దీనికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, సొంత నెట్‌వర్క్ దారి ఉంటాయి. ప్రపంచంలోని సర్వర్లలో పెద్ద భాగంలో ఈ చిప్పు తైవాన్ కంపెనీ ఆస్పీడ్‌ది. డెల్ తన ఏర్పాటును ఐడ్రాక్ అంటుంది, హెచ్‌పీఈ ఐలో అంటుంది, లెనోవో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్ అంటుంది. పేరు ఏదైనా పని ఒకటే. సర్వర్‌ను ఆన్ చేయడం, ఆఫ్ చేయడం, ఉష్ణోగ్రత, ఫ్యాన్ల వేగం, కరెంటు వాడకం చెప్పడం, లోపాల చిట్టా రాసుకోవడం, దూరం నుంచి సీడీ పెట్టినట్టుగా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం.

ఈ చిన్న కంప్యూటర్‌తో మన ప్రోగ్రామ్ మాట్లాడాలంటే మధ్యలో ఒక లైబ్రరీ కావాలి. ప్రతి ప్రోగ్రామరూ మొదటి నుంచి రాసుకోకుండా, ఎవరో రాసి అందరికీ ఇచ్చిన సిద్ధమైన కోడ్ అది. ఓపెన్ సోర్స్‌లో ఇలాంటివి ఇప్పుడు పదికి పైగానే ఉన్నాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయి, దేనికి ఏది పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతాయి అన్నదే ఈ వ్యాసం విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రమాణ పత్రాల కంటే ఈ లైబ్రరీల కోడే విలువైనది. సర్వర్ ఎలా ఉండాలో ప్రమాణం చెబుతుంది. నిజంగా ఎలా ఉందో లైబ్రరీకే తెలుసు.

1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి ఐపీఎంఐ అనే ప్రమాణం తెచ్చాయి. 2001లో వచ్చిన 1.5తో అది నెట్‌వర్క్ మీదికి వచ్చింది. 2004లో 2.0 వచ్చింది. దాని మీద పుట్టిన ఓపెన్ సోర్స్ పనిముట్లు ఇప్పటికీ సర్వర్ గదుల్లో రోజూ వాడుకలో ఉన్నాయి. ఐపీఎంఐటూల్ పేరు తెలియని సిస్టమ్ అడ్మిన్ ఉండడు. గ్నూ ప్రాజెక్టులో భాగమైన ఫ్రీఐపీఎంఐ అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో, వందలు వేల సర్వర్లకు ఒకేసారి ఆజ్ఞ ఇవ్వాల్సిన అవసరం నుంచి ఎదిగింది. ఓపెన్‌ఐపీఎంఐ సీ భాషలో రాసే వాళ్లకు. పైఘ్మి పూర్తిగా పైథాన్‌లో రాసింది. బయటి ప్రోగ్రామ్‌ను పిలిచి దాని అక్షరాలను చదువుకోవాల్సిన తిప్పలు లేకుండా, పైథాన్ కోడ్ నుంచే బీఎంసీతో మాట్లాడవచ్చు.

ఐపీఎంఐ మాట్లాడేది బైట్ల భాష. ఉష్ణోగ్రత అడిగితే ఒక సంఖ్య వస్తుంది. దాన్ని డిగ్రీలుగా మార్చడానికి వేరే పట్టిక అడిగి తెచ్చుకుని లెక్క కట్టాలి. లైబ్రరీ ఆ పని మనకు కనపడకుండా చేస్తుంది. కానీ దాని లోతైన జబ్బు భద్రతది. 2.0లో లాగిన్ జరిగే పద్ధతిలో, అడిగేవాడు ఎవరో తేలకముందే బీఎంసీ పాస్‌వర్డ్‌తో కలిపి చేసిన హాష్‌ను పంపేస్తుంది. దాన్ని పట్టుకుని తీరిగ్గా ఇంట్లో కూర్చుని పాస్‌వర్డ్ ఊహించవచ్చు. పాస్‌వర్డ్ పొడవు కూడా 20 బైట్లకు మించదు. సైఫర్ జీరో అనే పద్ధతి తెరిచి ఉంటే అసలు పాస్‌వర్డే అక్కర్లేదు. డాన్ ఫార్మర్ అనే భద్రతా పరిశోధకుడు ఇవన్నీ బయటపెట్టాక 2013 జూలైలో అమెరికా ప్రభుత్వ సైబర్ హెచ్చరికల సంస్థ యూఎస్-సెర్ట్ ప్రత్యేక హెచ్చరిక ఇచ్చింది. ఇది ఒక కంపెనీ చేసిన పొరపాటు కాదు. ప్రమాణంలోనే ఉంది. కాబట్టి ఏ లైబ్రరీ ఎంత బాగా రాసినా దీన్ని సరిచేయలేదు.

అందుకే రెడ్‌ఫిష్. డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ 2015 ఆగస్టులో దీని మొదటి రూపం విడుదల చేసింది. బైట్ల భాష పోయి, బ్రౌజర్లు వాడే హెచ్‌టీటీపీఎస్, వెబ్ ప్రోగ్రామర్లందరికీ తెలిసిన జేసన్ వచ్చాయి. కాలేజీలో వెబ్‌సైట్ కట్టడం నేర్చుకున్న కుర్రాడు గంటలో సర్వర్ ఉష్ణోగ్రత చదివే ప్రోగ్రామ్ రాసేస్తాడు. ఇది చిన్న మార్పు కాదు. అంతవరకు ఎంబెడెడ్ రంగం వాళ్లకే అందే పని బర్గూరు ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ, హోసూరు అధియమాన్ కాలేజీ పిల్లలకు కూడా అందే దూరానికి వచ్చింది.

కానీ రెడ్‌ఫిష్ సూత్రం ఒకటుంది. చిరునామాలు ముందే రాసిపెట్టుకోకూడదు. మొదటి పుటకు వెళ్లి, అక్కడి లింకులు పట్టుకుని లోపలికి నడవాలి. సర్వర్ల జాబితా, ఛాసిస్‌ల (సర్వర్ పెట్టెల) జాబితా, బీఎంసీల జాబితా వేర్వేరుగా ఉంటాయి. హడావుడిగా రాసేవాళ్లు ఈ సూత్రం పాటించరు. హెచ్‌పీఈలో సర్వర్ పేరు “1” కాబట్టి చిరునామాలో 1 అని రాసేస్తారు. డెల్‌లో అదే “సిస్టమ్ డాట్ ఎంబెడెడ్ డాట్ 1”. తర్వాత చెప్పబోయే ఓపెన్ సోర్స్ బీఎంసీ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌బీఎంసీలో “సిస్టమ్”. ఒక గదిలో పనిచేసిన ప్రోగ్రామ్ పక్క గదిలో పనిచేయకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ఇలాంటి చోట మంచి లైబ్రరీ విలువ తెలుస్తుంది.

సుషీ అనే పైథాన్ లైబ్రరీ దీనికి మంచి ఉదాహరణ. క్లౌడ్ నడిపే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్టాక్‌లో ఖాళీ సర్వర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే భాగం పేరు ఐరానిక్. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా కేంద్రం వేల సర్వర్లను దీనితోనే నడుపుతుంది. ఆ ఐరానిక్ రెడ్‌ఫిష్‌తో మాట్లాడటానికి రాసుకున్నదే సుషీ. ప్రమాణం మొత్తాన్ని అది మోయదు, తన పనికి కావలసినంతే చేస్తుంది. ఆ కొంచెంలోనే ఎన్ని సర్దుబాట్లు ఉన్నాయో దాని కోడ్ తెరిచి చూస్తే తెలుస్తుంది. దూరం నుంచి డిస్కు పెట్టడానికి ప్రమాణం ఒక ఆజ్ఞ చెబుతుంది. కొన్ని బ్రాండ్లలో ఆ ఆజ్ఞే ఉండదు, అక్కడ వేరే పద్ధతిలో విలువ మార్చాలి. కొన్నిటికి ఐచ్ఛికమైన వివరాలు కూడా ఇచ్చి తీరాలి, లేకపోతే కాదంటాయి. లైబ్రరీ మొదట మామూలుగా అడిగి, కాదంటే అదనపు వివరంతో మళ్లీ అడుగుతుంది. సూపర్‌మైక్రోలో దూరపు డిస్కు నుంచి బూట్ చేయాలంటే “సీడీ” అని కాకుండా “యూఎస్‌బీ సీడీ” అని చెప్పాలి. ఆ సర్దుబాటు ఐరానిక్ కోడ్‌లో ఉంది.

ఇవి ఏ కంపెనీ మాన్యువల్ మొదటి పేజీలోనూ ఉండవు. ఎక్కడో ఎవరి సర్వరో మొండికేస్తే, ఆ మనిషి రాత్రంతా కూర్చుని కారణం కనుక్కుని, నాలుగు లైన్ల కోడ్ రాసి పంపితే వచ్చిన జ్ఞానం ఇది. ఆ నాలుగు లైన్లు ఓపెన్ సోర్స్‌లో ఉన్నాయి కాబట్టి మన హోసూరు సర్వర్ గదికి కూడా ఉచితంగా చేరాయి. అదే జ్ఞానం ఒక కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, ఆ కంపెనీ సర్వర్లకు మాత్రమే పనికొచ్చేది. మూడు బ్రాండ్లు ఒకే ర్యాకులో ఉన్నవాడికి మూడు సాఫ్ట్‌వేర్లు కావలసివచ్చేది.

మిగతా లైబ్రరీల గురించి క్లుప్తంగా. డీఎంటీఎఫ్ తన పేరు మీదే ఒక పైథాన్ లైబ్రరీ, సీ భాషలో ఒక లైబ్రరీ ఇస్తుంది. పైథాన్‌ది చాలా పలచనిది. లాగిన్ చేస్తుంది, పుట తెస్తుంది, విలువ పంపుతుంది, అంతే. రెడ్‌ఫిష్ నేర్చుకోవాలనుకునే వాళ్లకు ఇదే మంచి మొదలు, ఎందుకంటే ఏదీ దాచదు. గో భాషలో గోఫిష్ ఉంది. దీంట్లో ఒక్కో వనరుకు ఒక్కో టైపు ఉంటుంది కాబట్టి తప్పులు ముందే పట్టుబడతాయి. కంపెనీల సొంత చేర్పులకు విడిగా చోటు ఇచ్చారు. ప్రోమిథియస్ అనే పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌తో సర్వర్లను గమనించే పనిముట్లు కొన్ని దీని మీదే కట్టారు. అదే గో భాషలో బీఎంసీలిబ్ అనేది ఇంకో దారి పట్టింది. రెడ్‌ఫిష్, ఐపీఎంఐ, ఆ బ్రాండు సొంత పద్ధతి, వీటిలో ఒకటి కుదరకపోతే ఇంకొకటి ప్రయత్నించి పని కానిస్తుంది. పాత, కొత్త సర్వర్లు కలిసి ఉండే మన గదులకు ఈ ఆలోచన బాగా నప్పుతుంది. హెచ్‌పీఈ ఇచ్చే ఐలోరెస్ట్ లైబ్రరీ కూడా ఓపెన్ సోర్సే, కానీ దాని బలం హెచ్‌పీఈ సర్వర్ల మీదే.

హోసూరు, కృష్ణగిరి యూనిట్లకు వీటితో మొదట దక్కే లాభం రీబూట్ అని అందరూ అనుకుంటారు. నా లెక్కలో కాదు. మొదటి లాభం ఉష్ణోగ్రత. ఆదివారం ఫ్యాక్టరీ మూసి ఉంటుంది, గదిలో ఏసీ ట్రిప్ అవుతుంది, సోమవారం తలుపు తీస్తే వేడి ముఖాన కొడుతుంది. సర్వర్ ముందు భాగంలో లోపలికి పోయే గాలి ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఇప్పటికే ఉంది, డబ్బు పెట్టి కొనక్కర్లేదు. ఐదు నిమిషాలకోసారి దాన్ని చదివి, 35 డిగ్రీలు దాటితే ఫోనుకు సందేశం పంపే ప్రోగ్రామ్ పైథాన్‌లో ముప్పై నలభై లైన్లకు మించదు. అదే ప్రోగ్రామ్‌తో కరెంటు వాడకం, రెండు పవర్ సప్లైలలో ఒకటి చచ్చిపోయిందా లేదా అన్నదీ తెలుస్తాయి. జనరేటర్ మీదికి మారినప్పుడల్లా ఒక సప్లై తగ్గిపోతుంటే అది ముందే కనిపిస్తుంది. సర్వర్లకు పవర్ సప్లైలు చేసే తైవాన్ కంపెనీ డెల్టా ఎలక్ట్రానిక్స్‌కు మన కృష్ణగిరి దగ్గరే ఫ్యాక్టరీ ఉంది. పీఎంబస్ అనే పద్ధతిలో పవర్ సప్లై తన లెక్కలు బీఎంసీకి చెబుతుంది, బీఎంసీ రెడ్‌ఫిష్‌లో మనకు చెబుతుంది. ఒక్క జాగ్రత్త ఉండాలి. 2020 చివర్లో రెడ్‌ఫిష్ ఈ లెక్కల పుటల అమరిక మార్చింది. కొత్త సర్వర్లలో అవి కొత్త చోట, పాతవాటిలో పాత చోట ఉంటాయి. రెండూ చూసే లైబ్రరీనే వాడాలి.

ఇక తాళాల సంగతి. లైబ్రరీ ఉచితం, కోడ్ తెరిచే ఉంది, అయినా కొన్ని పనులు జరగవు. ఎందుకంటే తాళం లైబ్రరీలో లేదు, బీఎంసీలో ఉంది. డెల్‌లో దూరపు డిస్కుకు ఎంటర్‌ప్రైజ్ లైసెన్సు కావాలి. హెచ్‌పీఈలో ఆపరేటింగ్ సిస్టమ్ లేచాక కూడా తెర చూడాలంటే ఐలో అడ్వాన్స్‌డ్ కొనాలి. సూపర్‌మైక్రో కూడా దూరం నుంచి బయోస్ మార్చే పనికి విడిగా లైసెన్సు అడుగుతూ వచ్చింది. సెకండ్‌హ్యాండ్ సర్వర్ కొనేవాళ్లు ర్యామ్ ఎంత, డిస్కులెన్ని అని అడుగుతారు. ఆ బీఎంసీలో ఏ లైసెన్సు ఉందో ఎవరూ అడగరు. ఫర్మ్‌వేర్ ఏ వెర్షనో కూడా అడగాలి. డెల్ పాత ఐడ్రాక్‌లలో 2.30.30.30 నుంచి, హెచ్‌పీఈ ఐలో 4లో 2.30 నుంచి రెడ్‌ఫిష్ ఉంది. అంతకు ముందు వెర్షన్ అయితే పైన చెప్పిన కొత్త లైబ్రరీలు చాలావరకు పనిచేయవు.

ఈ తాళాల మాట ఆలోచించినవాళ్లే బీఎంసీ లోపలి సాఫ్ట్‌వేర్‌ను కూడా తెరవాలని మొదలుపెట్టారు. 2014లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు నలుగురు ఒక హ్యాకథాన్‌లో ఓపెన్‌బీఎంసీ నమూనా చేశారు. 2015లో ఐబీఎం, ర్యాక్‌స్పేస్ అదే పేరుతో విడిగా పని మొదలుపెట్టాయి. 2018లో లినక్స్ ఫౌండేషన్ ప్రాజెక్టుగా మారింది. ఫేస్‌బుక్, గూగుల్, ఇంటెల్, ఐబీఎం, మైక్రోసాఫ్ట్ అందులో చేరాయి. దీంట్లో రెడ్‌ఫిష్‌కు జవాబిచ్చే భాగం బీఎంసీవెబ్. లైబ్రరీ అడిగే ప్రశ్న, బీఎంసీ ఇచ్చే జవాబు రెండూ తెరిచిన కోడ్‌లో ఉంటే, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎవరిది తప్పో చదివి తేల్చవచ్చు. విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్లతో గూగుల్ పెడతానని 2025 అక్టోబరులో ప్రకటించిన ఏఐ కేంద్రం లాంటి చోట్ల మనిషి ఒక్కో సర్వర్ దగ్గరికి నడిచి వెళ్లడు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీదే అవి నడుస్తాయి. తెలుగు పిల్లలు అక్కడ కేబుళ్లు కట్టే ఉద్యోగాలతో ఆగిపోకూడదని కోరుకునేవాళ్లు ఈ కోడ్ వైపు చూడాలి.

రెడ్‌ఫిష్‌కు మారితే భద్రత దానంతటదే రాదు. 2017లో బయటపడిన ఐలో 4 లోపం చూడండి. వెబ్ అభ్యర్థనలో ఒక చోట “ఏ” అక్షరం 29 సార్లు పెట్టి పంపితే పాస్‌వర్డ్ లేకుండా లోపలికి పోవచ్చు. సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ఇప్పుడు చవగ్గా దొరికేది ఆ తరం సర్వర్లే. కాబట్టి కొన్న రోజే ఫర్మ్‌వేర్ మార్చాలి. 2025లో ఏఎంఐ కంపెనీ మెగారాక్ బీఎంసీ సాఫ్ట్‌వేర్‌లో, అదీ రెడ్‌ఫిష్ భాగంలోనే, సీవీఈ-2024-54085 అనే లోపం బయటికి వచ్చింది. తీవ్రత పదికి పది. ఆ ఏడాది జూన్‌లో అమెరికా సైబర్ సంస్థ సీసా, నిజంగా దాడుల్లో వాడుతున్న లోపాల జాబితాలో దాన్ని చేర్చింది. బీఎంసీ లోపం ఆ జాబితాకెక్కడం అదే మొదటిసారి. ఏఎంఐని 1985లో అమెరికాలో స్థాపించిన ఇద్దరు సుబ్రమోనియన్ శంకర్, పాట్ శర్మ. చెన్నైలో ఆ కంపెనీకి ఇంజనీర్లు ఉన్నారు. ఇది ఎక్కడో దూరదేశపు సమస్య కాదని చెప్పడానికే ఈ మాట.

దీనికి లైబ్రరీ చేయగల సాయం పరిమితం, అయినా ఉంది. ర్యాకులోని ప్రతి బీఎంసీ వెర్షన్ ఒకేసారి చదివి పట్టిక ఇస్తుంది. ఐపీఎంఐ తెరిచి ఉంటే మూసేస్తుంది. “రూట్, కాల్విన్” లాంటి లోకమెరిగిన పాత పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా తెరుచుకుంటుందేమో పరీక్షిస్తుంది. మిగతాది మన పని. బీఎంసీ తీగను ఆఫీసు వైఫైతో కలిపిన నెట్‌వర్క్‌లో పెట్టకూడదు, విడి వీలాన్‌లో పెట్టాలి, బయటి నుంచి వీపీఎన్ మీదే రావాలి. చాలా ఉదాహరణ కోడ్‌లలో సర్టిఫికెట్ తనిఖీ ఆపేసి ఉంటుంది, బీఎంసీ తనకు తానే ఇచ్చుకున్న సర్టిఫికెట్ కాబట్టి. నేర్చుకునేటప్పుడు సరే. నిజమైన గదిలో అలాగే వదిలేస్తే, మధ్యలో ఎవరున్నా పాస్‌వర్డ్ వాళ్ల చేతికి పోతుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉంది. ఇంత లోకం ఆధారపడిన కోడ్‌ను మోసే చేతులు చాలా తక్కువ. ఐపీఎంఐటూల్ గతి చూస్తే చాలు. 2023లో దాన్ని చూసుకునే మనిషి గిట్‌హబ్ ఖాతా ఆగిపోయింది. ఆయన పనిచేసే కంపెనీ అమెరికా ఆంక్షల కిందికి రావడమే కారణం. అక్కడి కోడ్ చదవడానికి మాత్రమే మిగిలింది. ప్రాజెక్టు కోడ్‌బర్గ్ అనే మరో చోటికి వెళ్లాల్సి వచ్చింది. కోడ్ తెరిచి ఉండబట్టే అది బతికింది. కానీ ప్రతి సర్వర్ గదిలో వాడే పనిముట్టు ఒక ఖాతా మీద అంతగా ఆధారపడిందని అప్పుడే చాలామందికి తెలిసింది.

ఇక్కడి పిల్లలు ఈ పనిలోకి రావడానికి సర్వర్ కొనక్కర్లేదు. సుషీ-టూల్స్ అనే ప్యాకేజీ మన ల్యాప్‌టాప్‌లోని వర్చువల్ మెషీన్లను రెడ్‌ఫిష్ సర్వర్లుగా నటింపజేస్తుంది. ఆన్ చేయమని ఆజ్ఞ ఇస్తే వర్చువల్ మెషీన్ నిజంగానే లేస్తుంది. ఐపీఎంఐ నేర్చుకోవడానికి వర్చువల్‌బీఎంసీ ఉంది. డీఎంటీఎఫ్ ఇచ్చే మాకప్ సర్వర్ అయితే, ఒక నిజమైన సర్వర్ జవాబులన్నీ ముందే దాచిన ఫోల్డర్ నుంచి తీసి ఇస్తుంది. 2005 నుంచి తెలుగునాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న స్వేచ్ఛ లాంటి సంస్థలు తమ శిబిరాల్లో ఒక రోజు దీనికి ఇస్తే బాగుంటుంది. తమిళ మాధ్యమంలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడే హోసూరు పిల్లల కోసం ఆ పాఠం తెలుగులో ఉంటే ఇంకా బాగుంటుంది.

వాళ్లు ప్రపంచానికి ఇవ్వగలిగింది ఒకటి ఇక్కడే ఉంది. లైబ్రరీ రాసేవాళ్ల ప్రయోగశాలల్లో కొత్త సర్వర్లు ఉంటాయి. పదేళ్ల నాటి ఐలో 4, ఐడ్రాక్ 7, పాత సూపర్‌మైక్రో బోర్డులు మన ర్యాకుల్లో ఉన్నాయి, రోజూ నడుస్తున్నాయి. డీఎంటీఎఫ్ మాకప్ క్రియేటర్ అనే పనిముట్టును ఆ సర్వర్ మీదికి వదిలితే, అది ప్రతి పుటా తిరిగి జవాబులన్నీ ఫోల్డర్‌లో దాస్తుంది. సీరియల్ నంబర్లు, మ్యాక్ చిరునామాలు, ఐపీ చిరునామాలు, వాడుకరుల పేర్లు తుడిచేసి, యజమాని అనుమతితో ఆ ఫోల్డర్‌ను లైబ్రరీ రాసేవాళ్లకు పంపితే, వాళ్ల చేతికి ఎన్నడూ రాని సర్వర్ మీద కోడ్ పరీక్షించుకోగలుగుతారు. తర్వాతి విడుదల వచ్చినప్పుడు మన గదిలోని పాత సర్వర్‌కు కూడా అది పనిచేస్తుందో లేదో ముందే తేలిపోతుంది.